ఉగాండా పల్లె ఆసుపత్రికి అంబులెన్స్ కొనివ్వాలనుకునేవారికి

కంపాలాలో స్థిరపడిన మీ తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి చందాలు పోగుచేశాయనీ, తూర్పు ఉగాండాలో మీకు పరిచయమున్న ఒక గ్రామీణ ఆరోగ్య కేంద్రానికి అంబులెన్స్ కొనివ్వాలనుకుంటున్నారనీ, మన 108 లాంటి ఏర్పాటును ఆ ఒక్క జిల్లాలోనైనా నిలబెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగారు. నేను అత్యవసర వైద్యంలో శిక్షణ పొందినవాణ్ని. ఉగాండాలోనూ టాంజానియాలోనూ జిల్లా స్థాయి ఆసుపత్రులలో పదకొండేళ్లు పనిచేశాను; అందులో ఎక్కువ కాలం నర్సులకూ, డాక్టరు పట్టా లేకున్నా శిక్షణతో రోగులను చూసే క్లినికల్ ఆఫీసర్లకూ నేర్పడంలోనే గడిచింది. ఆ అనుభవంతో మీకు చెప్పదలచింది ఒకటే: వాహనానికి డబ్బు పెట్టే ముందు, ఆ వాహనం రోగిని తెచ్చి దించే గదికి పెట్టండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఒక రాత్రి సంగతి వింటే తెలుస్తుంది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి, కాన్పు అయిన గంటన్నర తరువాత, ఇరవై ఏళ్లు నిండని ఒక తల్లిని బోడాబోడా మీద తీసుకువచ్చారు. బోడాబోడా అంటే అక్కడ అద్దెకు నడిచే మోటారు సైకిలు. ముందు నడిపేవాడు, వెనుక ఆమె తల్లి, మధ్యలో రక్తం కారుతూ ఆమె. పద్నాలుగు కిలోమీటర్ల మట్టిదారిని వాళ్లు ముప్పావు గంటలో దాటారు. కబురు అందుకొని బయలుదేరే ఏ అంబులెన్సూ ఆమెను అంతకంటే త్వరగా చేర్చలేకపోయేది. కానీ ఆసుపత్రిలో రాత్రివేళ అలాంటి రోగిని పడుకోబెట్టడానికంటూ ఒక చోటు లేదు. ఉన్న ఒక్క నర్సు పిల్లల వార్డులో నలభై మంది మధ్య ఉంది. రక్తస్రావాన్ని ఆపే మందులున్న బీరువాకు తాళం వేసి, స్టోరు చూసే ఉద్యోగి తాళంచెవితో ఇంటికి వెళ్లిపోయాడు. తాళం పగలగొట్టి మందు తెచ్చేసరికి ఆమె వరండాలోని బల్ల మీదే ప్రాణం విడిచింది. అదే ఆవరణలో మామిడిచెట్టు కింద దాతల పేర్లు రాసిన అంబులెన్స్ ఒకటి నిలిచి ఉంది. మొదటి ఏడాది బాగానే తిరిగింది. తరువాత టైర్లు అరిగితే ఆ కొలత టైర్లు ఆ చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు, డీజిలుకు కేటాయించిన డబ్బు ఏడాది సగం కాకముందే అయిపోతూ వచ్చింది.

ప్రసూతి మరణాలను అధ్యయనం చేసినవారిలో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు 1994లో మూడు ఆలస్యాల సంగతి రాశారు. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. అంబులెన్స్ తగ్గించగలిగేది వీటిలో రెండవదాన్ని మాత్రమే. మూడవది అలాగే ఉన్నంతకాలం రెండవదాన్ని ఎంత తగ్గించినా, మరణం జరిగే చోటు మారుతుందే తప్ప మరణం తప్పదు. అంతేకాక, ఆ ఆసుపత్రికి వెళ్లినవాళ్లు తిరిగిరావడం లేదన్న మాట ఊళ్లో పాకితే మొదటి ఆలస్యం కూడా పెరుగుతుంది. అందుకే ఈ మూడింటిలో ముందుగా చక్కదిద్దవలసినది చివరిదని నా అభిప్రాయం.

108 గురించి కూడా ఒక మాట. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ మన పల్లెలకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే దాని వెనుక మనం గమనించని సదుపాయాలు చాలా ఉన్నాయి. ఊరూరికీ ఏదో ఒక తారురోడ్డు, ప్రయాణించదగినంత దూరంలో ఏరియా ఆసుపత్రో జిల్లా ఆసుపత్రో, అక్కడ రాత్రివేళ ఎవరో ఒక డాక్టరు, వాహనాలను నడిపే ఖర్చును భరించే ప్రభుత్వం. ఉగాండాలో గ్రామ ఆరోగ్య బృందం నుంచి రెండవ, మూడవ, నాలుగవ స్థాయి ఆరోగ్య కేంద్రాల మీదుగా జిల్లా ఆసుపత్రి దాకా మెట్లున్నాయి. నాలుగవ స్థాయి కేంద్రం సుమారు లక్ష మందికి దిక్కు. సిజేరియన్ చేయగలిగే ఆపరేషన్ గది, ఒక వైద్యాధికారి అక్కడ ఉండాలని నియమం. 2001 నుంచి ప్రభుత్వ కేంద్రాలలో వైద్యానికి రుసుము లేదు. కానీ పెద్దాసుపత్రికి పంపవలసి వచ్చినప్పుడు ఇంధనం ఖర్చు రోగి బంధువులే పెట్టుకోవలసి రావడం నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆ స్థితిలో 108ని ఉన్నదున్నట్టుగా అక్కడికి ఎత్తుకెళ్లలేము.

ఇక గది సంగతి. గొప్ప భవనం అవసరం లేదు. గేటుకు దగ్గరగా, చీకటి పడ్డాక కూడా వెలుతురు ఉండే ఒక గది, అందులో రెండు మంచాలు, ఒక బల్ల మీద తాళం లేని మందుల పెట్టె, గోడమీద ఒక పట్టిక, ఆ గదికే కేటాయించిన ఒక మనిషి ఉంటే చాలు. వినడానికి ఇది చాలా తక్కువగా అనిపిస్తుంది. మలావీలోని బ్లాంటైర్ నగరపు క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో పిల్లల విభాగంవారు చేసినది దాదాపు ఇదే. వచ్చిన వరసలో కాకుండా జబ్బు తీవ్రతను బట్టి పిల్లలను ముందు చూడడం, అత్యవసరమైన చికిత్సను వార్డుకు చేర్చేదాకా ఆపకుండా తలుపు దగ్గరే మొదలుపెట్టడం, బయటిరోగుల విభాగాన్ని అందుకు తగినట్టు తిరిగి అమర్చడం. అంతకు ముందు ఆసుపత్రిలో చేరిన పిల్లలలో 10 నుంచి 18 శాతం మంది చనిపోతుంటే, తరువాత అది 6 నుంచి 8 శాతానికి తగ్గిందని 2006లో వారు ప్రకటించారు. ఆసుపత్రిలో చనిపోయే పిల్లలలో చాలామంది మొదటి 24 గంటలలోనే చనిపోతారు కాబట్టి, ఆ మొదటి గంటలను సరిదిద్దితే ఇంత తేడా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

వరసను బట్టి కాక తీవ్రతను బట్టి చూడడాన్ని ట్రయాజ్ అంటారు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వైద్యులు 2004 ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతిని ఇప్పుడు అనేక ఆఫ్రికా దేశాలలో వాడుతున్నారు. నాడి, శ్వాస వేగం, రక్తపోటు, జ్వరం, స్పృహ, నడవగలుగుతున్నారా లేదా, గాయం ఉందా అన్నవాటికి అంకెలు వేసి, వాటి మొత్తాన్నీ కొన్ని ప్రమాద లక్షణాలనూ కలిపి చూసి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ రంగులలో ఒకటి కేటాయిస్తారు. డాక్టరు లేకుండా నర్సు చేయగలిగేలా దాన్ని రూపొందించారు. అందులోనే దాని విలువంతా ఉంది.

నేర్పడం విషయంలో ఉగాండాలోనే మంచి ఉదాహరణ ఉంది. నైరుతి మూలనున్న రుకుంగిరి జిల్లాలో, న్యాకిబాలె కరోలి ల్వాంగా ఆసుపత్రిలో 2009 నుంచి నర్సులను అత్యవసర చికిత్స నిపుణులుగా తీర్చిదిద్దుతూ వచ్చారు. డాక్టరు అందుబాటులో లేని గంటలలో రోగిని వారే పరీక్షించి, చికిత్స మొదలుపెడతారు. తరువాత ఎంబరారా విశ్వవిద్యాలయంలో ఇదొక చదువుగా స్థిరపడింది. అంత లోతైన శిక్షణ మీ నిధితో సాధ్యం కాకపోవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, అంతర్జాతీయ అత్యవసర వైద్య సమాఖ్య కలిసి 2018లో తెచ్చిన ప్రాథమిక అత్యవసర చికిత్స కోర్సు నాలుగైదు రోజులలో ముగుస్తుంది. గాయాలు, ఆయాసం, షాక్ (శరీరానికి రక్తప్రసరణ చాలక కుప్పకూలే స్థితి), స్పృహ తప్పడం అనే నాలుగు స్థితులలో ముందు ఏమి చూడాలో, వెంటనే ఏమి చేయాలో అందులో నేర్పుతారు. మీ కేంద్రం నుంచి ఇద్దరిని పంపి ఊరుకోకండి. ప్రభుత్వ ఉద్యోగులకు బదిలీలు తప్పవు. ఒకే ఏడాదిలో ఇద్దరూ వెళ్లిపోతే నేర్పినదంతా వాళ్లతోపాటే పోతుంది. కనీసం ఆరేడుగురికి, అదీ రాత్రి డ్యూటీ చేసేవారికి ముందుగా, నేర్పించండి. మూడు నెలలకొకసారి ఎవరైనా వెళ్లి వాళ్ల పక్కన నిలబడి రెండు రోజులు పనిచేసేలా చూడండి. కోర్సు కంటే ఈ రెండవది ముఖ్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు వెళ్లలేను. పెద్ద నగరాల ఆసుపత్రులలో మేలు చేసే చికిత్సే పల్లె ఆసుపత్రిలోనూ మేలు చేస్తుందని అనుకోకూడదు. మన ఊళ్లలో సెలైన్ పెట్టించుకుంటే బలమన్న నమ్మకం ఎంత గట్టిదో మీకు తెలుసు; వైద్యులమైన మేమూ ఒకరకంగా అదే నమ్మాము. షాక్‌లో ఉన్న రోగికి సెలైన్‌ను త్వరత్వరగా ఎక్కించాలని మా చదువు మాకు నేర్పింది. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిన్న స్థితిలో వచ్చిన 3141 మంది పిల్లలపై జరిగిన ఫీస్ట్ అనే పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. సెలైన్‌ను వేగంగా ఎక్కించిన పిల్లలలో 48 గంటలలో 10.5 శాతం మంది చనిపోయారు. అలా ఎక్కించనివారిలో 7.3 శాతం మంది. ఆ పిల్లలలో సగానికి పైగా మలేరియా ఉంది, చాలామందికి తీవ్రమైన రక్తహీనత ఉంది. ఊపిరి ఆగితే ఆదుకునే వెంటిలేటరు లేదు. పెద్దవారి విషయంలోనూ జాంబియాలోని లుసాకాలో 212 మంది రోగులపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనం ఇలాంటి ఫలితమే చూపింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి రక్తపోటు పడిపోయిన వారిలో, సెలైన్ ఎక్కువగా ఇచ్చే పద్ధతిని అనుసరించినప్పుడు 48.1 శాతం మంది, మామూలు పద్ధతిలో 33 శాతం మంది మరణించారు. ఆయా పరిశోధనలు విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలను గురించి కానీ, గాయంతో రక్తం పోయినవారిని గురించి కానీ చెప్పినవి కావు. వారి దారి వేరు. కానీ ఫీస్ట్ ఫలితాలు చదివిన రోజు, అంతకు ముందు నా చేతులతో సెలైన్ పెట్టిన పిల్లలు ఎందరో గుర్తుకు వచ్చారు. మన దగ్గరి నుంచి వచ్చే స్వచ్ఛంద వైద్యులెవరైనా మీ కేంద్రంలో పనిచేస్తే, వారు తమ పద్ధతులను నేర్పే ముందు అక్కడి పద్ధతులను నేర్చుకోవాలని దయచేసి గట్టిగా చెప్పండి.

అక్కడే పుట్టిన మంచి పద్ధతులు ఎన్నో ఉన్నాయి. నేను చెప్పిన ఆ తల్లి లాంటివారికి సంబంధించినదే ఒకటి చూడండి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలోని 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైగా కాన్పులలో పరీక్షించిన ఈ-మోటివ్ అనే విధానం ఫలితాలు 2023లో వచ్చాయి. కాన్పు కాగానే తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి లాంటి గుడ్డను పరుస్తారు. రక్తం ఎంత పోయిందో కంటి అంచనాతో కాక గీతను బట్టి తెలుస్తుంది. గీత దాటగానే గర్భాశయాన్ని మర్దించడం, అది ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ లాంటి మందు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడి నుంచి రక్తం వస్తోందో పరీక్షించడం అన్నింటినీ ఒకదాని తరువాత ఒకటి ఎదురుచూడకుండా ఒక్కసారిగా మొదలుపెడతారు. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం అన్నవి కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఇందులో కొత్తగా కనిపెట్టిన మందు ఏదీ లేదు. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను మూడు గంటల లోపల ఇస్తేనే ప్రయోజనమని 2017లోనే తేలింది. కాబట్టి అది తాళంచెవి అవసరం లేని పెట్టెలో ఉండాలి. ఆక్సిటోసిన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు పోయే ఊళ్లో ఆ ఫ్రిజ్ సోలార్‌తో నడిచేదైతే మేలు.

సోలార్ ప్రస్తావన వచ్చింది కనుక ఆక్సిజన్ గురించి చెబుతాను. గ్రామీణ ఆసుపత్రులలో సిలిండరు తెప్పించడం మన అంబులెన్స్ డీజిలు లాంటి సమస్యే; లారీ రావాలి, డబ్బు ఉండాలి, ఖాళీ సిలిండరు వెనక్కి వెళ్లాలి. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే కాన్సంట్రేటర్ మంచిదే కానీ కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. ఉగాండాలోని 20 ఆసుపత్రులలో సౌర విద్యుత్తుతో ఆక్సిజన్ అందించి చూసినప్పుడు, రక్తంలో ఆక్సిజన్ తగ్గిన అయిదేళ్ల లోపు పిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2024లో ప్రకటించారు. మీ నిధితో నేను మొదట కొనేది ఇదే. దానితోపాటు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్లు, పిల్లల వేళ్లకు సరిపోయే కొలతవి కూడా, తప్పనిసరి. లేకపోతే ఆక్సిజన్ ఎవరికి అవసరమో నర్సుకు తెలియదు. బ్యాటరీలు మూడు నాలుగేళ్లకు మార్చవలసి వస్తుంది కాబట్టి ఆ డబ్బును ఇప్పుడే పక్కన పెట్టండి.

మీలో ఎవరో హైదరాబాదు నుంచి మందులు, ముఖ్యంగా పాము కాటుకు విరుగుడు, చవకగా తెప్పించగలమని కూడా రాశారు. విరుగుడు మాత్రం వద్దు. మన దేశపు విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు తయారైనది. ఆఫ్రికా పాముల విషం వేరు. ఒకే జాతికి చెందిన పింజరులలో కూడా మన చిన్న పింజరి విషానికి చేసినది పశ్చిమాఫ్రికా పింజరికి పనిచేయదు. మధ్య ఘనాలో అంతవరకు వాడుతున్న విరుగుడు స్థానంలో భారతదేశం నుంచి వచ్చినదాన్ని వాడినప్పుడు కాటు తిన్నవారిలో మరణాలు 1.8 శాతం నుంచి 12.1 శాతానికి పెరిగాయి. ఆ సీసాల మీద ఆఫ్రికాకు అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదని అప్పుడే తెలిసింది. ఆఫ్రికాలో పేరున్న ఒక విరుగుడు తయారీని ఫ్రాన్సు సంస్థ 2014లో ఆపేశాక కొరత మరింత తీవ్రమైంది. పాము కాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో 2017లో చేర్చింది. ఏ విరుగుడు తెప్పించాలన్నది ఉగాండాలోని పాములను ఎరిగినవారు నిర్ణయించాలి.

ఇప్పుడు రవాణా. గది సిద్ధమయ్యాక మిగిలిన డబ్బుతో పెద్ద అంబులెన్స్ కంటే చిన్నవాటిని ఆలోచించండి. మలావీలోని మాంగోచి జిల్లాలో పక్కబండి తగిలించిన మోటారు సైకిళ్లను ఆరోగ్య కేంద్రాల దగ్గర ఉంచితే, కాన్పు కేసులను పెద్దాసుపత్రికి పంపడంలో జరిగే ఆలస్యం రెండు నుంచి నాలుగున్నర గంటలు తగ్గింది. ఆ మోటారు సైకిలు కొనుగోలు ధర కారు అంబులెన్స్ ధరలో 19వ వంతు. ఏడాది పొడుగునా నడిపే ఖర్చు దాదాపు 24వ వంతు. అదే మలావీలో సైకిలు అంబులెన్సులు పెట్టినప్పుడు మాత్రం ఊళ్లలో కొందరు తల్లులు ఎక్కడానికి ఇష్టపడలేదు. నొప్పులు మొదలైన సంగతిని గుట్టుగా ఉంచుకోవడం అక్కడి ఆచారం. ఆ బండి ఇంటి ముందు ఆగితే ఊరంతటికీ తెలిసిపోతుంది. కాబట్టి బండిని ఎంచుకునే ముందు ఆ ఊళ్ల మంత్రసానులనూ తల్లులనూ కూర్చోబెట్టి అడగండి.

బండి కొనకుండానే నడిచే పద్ధతి ఒకటి టాంజానియాలో ఉంది. విక్టోరియా సరస్సు ప్రాంతంలో పదేళ్ల క్రితం మొదలై, ఇప్పుడు దేశమంతటా విస్తరించిన ఎం-మామా అనే ఏర్పాటులో, గర్భిణికో బాలింతకో నవజాత శిశువుకో ప్రమాదం వస్తే 115కు ఉచితంగా ఫోన్ చేస్తారు. అవతల ఉన్న శిక్షణ పొందిన వ్యక్తి ప్రశ్నలడిగి తీవ్రతను అంచనా వేసి, దగ్గరలో అంబులెన్స్ ఉంటే దాన్నీ, లేకపోతే ముందే పేరు నమోదు చేసుకున్న ఊరి టాక్సీ డ్రైవరునూ పంపుతారు. రోగిని ఆసుపత్రిలో దించగానే డ్రైవరు కిరాయి అతని ఫోన్‌లోని ఎం-పెసా అనే డబ్బు ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు వెంటనే పడడమే ఈ ఏర్పాటుకు ప్రాణమని దాన్ని దగ్గరగా చూసినవాడిగా చెప్పగలను. నెలాఖరుకు ఇస్తామంటే రెండవ నెలలో ఎవరూ ఫోన్ ఎత్తరు. మీ జిల్లాలో బోడాబోడా సంఘాలు ఉండే ఉంటాయి. వారిలో ముప్పై మందిని ఎంచుకొని, రక్తస్రావాన్ని ఒత్తిపట్టి ఆపడం, స్పృహలేనివారిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం లాంటివి ఒక రోజులో నేర్పవచ్చు. ఘనాలోని కుమాసీ ప్రాంతంలో 335 మంది వాహన డ్రైవర్లకు ఆరు గంటల ప్రథమ చికిత్స పాఠం చెప్పి, దాదాపు పది నెలల తరువాత కొందరిని కలిసి అడిగినప్పుడు, 61 శాతం మంది ఆ మధ్యకాలంలో ఎవరికో ఒకరికి ప్రథమ చికిత్స చేశామని చెప్పారు.

ఈ పనులలో ఏది ముందో తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు చేయకముందే మీరు చేయగలిగినది ఒకటుంది. ఆ కేంద్రం ఇన్‌ఛార్జి అనుమతితో గత ఆరు నెలల రిజిస్టరు చూడండి. చనిపోయినవారు ఏ గంటకు వచ్చారు, ఎంతసేపటికి వారిని మొదట ఒకరు చూశారు, దేనితో వచ్చారు, ఏ మందు దొరకలేదు అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. రిజిస్టరులో లేనివి నైట్ డ్యూటీ నర్సులకు జ్ఞాపకం ఉంటాయి. వాళ్లను తప్పుపట్టే ధోరణి లేకుండా అడిగితే చెబుతారు. పేర్లు లేకుండా ఆ కాగితాన్ని నాకు పంపండి. దాన్నిబట్టి గదిలో ఏముండాలో, ఎవరికి నేర్పాలో, రవాణాకు ఎంత మిగులుతుందో అంశాలవారీగా రాసిస్తాను.